విశ్వకిరణ పరిశోధకుడు విక్రమ్ సారాభాయి

గుత్తి దుర్గము కఠినమైన రాతికొండలపై నిర్మింపబడినది. దాని చుట్టును వ్యాపించిన అనంతపుర పీఠభూమి వానకు మొగము వాచిన నేల. అచ్చట సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. అదియును సకాలమున కురియునన్న నమ్మకము లేదు. వేరుసెనగ విత్తిన రైతు ఆకాశమువంక చూచుచు దినములు లెక్కించుకొనుచుండును. ఆ ఆకాశమునుండియే మరియొక వాన రేయింబవళ్ళు ఎడతెగక కురియుచున్నది. అది కంటికి కనబడదు. ఒంటికి సోకినను తెలియదు. అరచేయి చాచి నిలిచినచో ఒక్క నిమిషములో సుమారు 100 కణములు దానిగుండ దూసికొని పోవును. ఇంటి కప్పులు గాని, కోటగోడలు గాని వానిని పూర్తిగ ఆపజాలవు. విశ్వాంతరాళమునుండి వచ్చు కణముల ఫలితమే ఈ వాన. ఆ కణములకు విశ్వకిరణములనియు, కాస్మిక్ కిరణములనియు పేరు.

ఈ కిరణములను 1912లో ఆస్ట్రియా దేశీయుడగు విక్టర్ హెస్ కనుగొనెను. ఆయన బెలూనునెక్కి 5 కిలోమీటర్లకు మించిన ఎత్తునకు పోయి, పైకి పోయినకొలది వీని తీవ్రత హెచ్చుచున్నదని చూపెను. ఇవి నేలనుండి కాక మింటినుండియే వచ్చుచున్నవని దానివలన తేలెను. 1927లో క్లే అను డచ్చి శాస్త్రజ్ఞుడు జావాకును, హాలండునకును మధ్య ఓడలో ప్రయాణించుచు కొలతలు తీసి, భూమధ్యరేఖకు సమీపించినకొలది ఇవి తగ్గుచున్నవని గమనించెను. భూమి ఒక పెద్ద అయస్కాంతము. విద్యుదావేశము గల కణములు దాని ప్రభావమునకు లోబడి వంగి తొలగిపోవును. ఉష్ణమండలమున ఆ కవచము మిక్కిలి బలమైనది. అందుచే అచ్చటికి అత్యధిక శక్తి గల కణములు మాత్రమే చొచ్చుకొని రాగలవు. మన దేశమువంటి చోట వీనిని పరిశీలించుట వలన ఇతర దేశములవారికి లభింపని విషయములు లభించును. ఆ పరిశీలనకు పూనుకొన్నవారిలో ముఖ్యుడు విక్రమ్ అంబాలాల్ సారాభాయి.

సారాభాయి 1919 ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదులో జన్మించెను. తండ్రి అంబాలాల్ బట్టల మిల్లుల యజమాని, తల్లి సరళాదేవి. వారికి ఎనమండుగురు సంతానము. ఆ ఇల్లు విచిత్రమైనది. 1918లో అహమ్మదాబాదు మిల్లు కార్మికులు గాంధీ మహాత్ముని నాయకత్వమున సమ్మె చేసినపుడు, యజమానుల పక్షమున అంబాలాల్ నిలువగా, కార్మికుల పక్షమున ఆయన సోదరి అనసూయ నిలిచెను. అయినను అక్కాతమ్ముల ప్రేమకు కొరత రాలేదు. అంబాలాల్ దంపతులు తమ బిడ్డలకొరకు ఇంటియందే పాఠశాల నెలకొల్పి, మంచి ఉపాధ్యాయులను రప్పించి చదివించిరి. గొప్పవారు అనేకులు ఆ ఇంటికి అతిథులుగ వచ్చుచుండిరి. విక్రమునకు చిన్ననాటనే యంత్రములయందు ఆసక్తి మెండు. కలిమి గల ఇంట పుట్టిన బాలుడు కలిమినే నమ్ముకొని యుండినచో అహమ్మదాబాదునకు మరియొక మిల్లు యజమాని లభించెడివాడు. అంతకంటె చెప్పుకొనదగినది ఉండెడిది కాదు.

ఆయన గుజరాతు కళాశాలలో చదివిన పిమ్మట ఇంగ్లండునకు పోయి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరెను. చదువు ముగియుచుండగనే రెండవ ప్రపంచ యుద్ధము వచ్చిపడెను. యువకుడు స్వదేశమునకు మరలవలసి వచ్చెను. కేంబ్రిడ్జివారి అనుమతితో ఆయన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సర్ సి.వి. రామన్ చెంత పరిశోధన ప్రారంభించెను. ఆ దినములలో హోమీ భాభా కూడ అచ్చటనే యుండి విశ్వకిరణములను గూర్చి పరిశోధించుచుండెను. యుద్ధము ఈ విధముగ ముగ్గురిని ఒకచోట చేర్చినది.

విశ్వకిరణమును చూచుట ఎవరికిని సాధ్యము కాదు. లెక్కించుట మాత్రము సాధ్యము. దానికి గైగర్ లెక్కింపు గొట్టములను వాడుదురు. గొట్టములో కొంచెము వాయువును నింపి అధిక విద్యుత్తును కల్పించి యుంచుదురు. కణము దూసికొని పోయినపుడు చిన్న విద్యుత్ స్పందనము కలుగును. అట్టి గొట్టములను ఒకదానిపై నొకటి పేర్చి, అన్నిటియందును ఒకేమారు స్పందనము కలిగినపుడు మాత్రమే లెక్కకు వచ్చునట్లు అమర్చినచో, కణము ఏ దిక్కునుండి వచ్చినదో తెలియును. ఇది చెప్పుటకు సులభము. చేయుటకు ఎంత ఓర్పు కావలెనో చేసినవారికే తెలియును. వాతావరణ పీడనము హెచ్చినచో లెక్క తగ్గును. పైగాలి వేడెక్కినను లెక్క మారును. సారాభాయి వెదకిన మార్పు నూటికి ఒక వంతు కూడ ఉండదు. పగటికిని రాత్రికిని, ఉదయమునకును మధ్యాహ్నమునకును ఈ కిరణములలో గల స్వల్ప భేదమును పట్టుటకు నెలల తరబడి, సంవత్సరముల తరబడి అంకెలను వ్రాసి, వానినుండి గాలివలన కలిగిన దోషములను తీసివేయవలెను. 1942లో ఆయన తన మొదటి వ్యాసమును ప్రకటించెను. విశ్వకిరణములు కాలక్రమమున వచ్చు తీరే దాని విషయము. ఆ సంవత్సరమే నాట్యకళాకారిణి మృణాళినీ స్వామినాథన్‌ను వివాహమాడెను. మరుసటి యేడు పరికరములను కాశ్మీరు పర్వతములపైకి మోయించుకొని పోయి, ఉన్నతస్థలములందు కొలతలు తీసెను.

యుద్ధానంతరము కేంబ్రిడ్జికి పోయి, ఉష్ణమండలమున తాను చేసిన విశ్వకిరణ పరిశోధనలపై సిద్ధాంత వ్యాసమును సమర్పించి, 1947లో డాక్టరు పట్టము పొందెను. భారతదేశము స్వతంత్రమైన మూడు నెలలకే, 1947 నవంబరు 11వ తేదీన, అహమ్మదాబాదులో భౌతిక పరిశోధనాలయమును స్థాపించెను. అప్పటికి ఆయన వయస్సు 28 సంవత్సరములు. సొంత భవనము లేక ఒక విజ్ఞాన కళాశాలలోని కొలది గదులలో పని మొదలుపెట్టిరి. దానికి తానే అధ్యక్షుడు కాగోరక, వాతావరణ శాస్త్రమున పండిన కె.ఆర్. రామనాథన్‌ను తొలి డైరెక్టరుగ నియమించెను. ఇది వినయము మాత్రమే కాదు, వివేకము కూడ. గాలి పొరల స్వభావము నెరిగినవాడు చెంత లేనిదే విశ్వకిరణముల లెక్క తేలదు.

అహమ్మదాబాదు, కొడైకెనాల్, తిరువనంతపురము, గుల్మార్గు — ఈ నాలుగు చోట్లను ఆయనయు, శిష్యులును పరికరములను స్థాపించి కిరణములను లెక్కించిరి. దినమునందలి ఆ చిన్న మార్పు సంవత్సర సంవత్సరమునకును మారుచున్నదనియు, ఆ మారుటకును సూర్యునిపై మచ్చలు హెచ్చుట తగ్గుటకును సంబంధము కలదనియు క్రమముగ స్పష్టమయ్యెను. సూర్యుడు వెలుగును, వేడిమిని మాత్రమే కాక, విద్యుత్కణములను, అయస్కాంత క్షేత్రములను కూడ అంతరిక్షమున వెదజల్లుచున్నాడు. అవి సుదూరమునుండి వచ్చు విశ్వకిరణముల త్రోవను మార్చుచున్నవి. అహమ్మదాబాదులో గొట్టము క్రింద కూర్చున్నవాడు తన అంకెలనుండి సూర్యుని చుట్టునున్న శూన్యప్రదేశపు స్థితిని ఊహింపగలిగెను. ఆ శూన్యము నిజముగ శూన్యము కాదని గ్రహించినవారిలో సారాభాయి ముందువరుసలోనివాడు.

1957లో రష్యావారు తొలి కృత్రిమోపగ్రహమును ప్రయోగించిరి. 1958 జనవరిలో అమెరికావారు తమ మొదటి ఉపగ్రహమున జేమ్స్ వాన్ అలెన్ అను శాస్త్రజ్ఞుని గైగర్ గొట్టమును అమర్చి పంపిరి. అది సారాభాయి బెంగుళూరులో వాడిన జాతి పరికరమే. కొంత ఎత్తు దాటిన పిమ్మట ఆ గొట్టము ఒక్క కణమునైనను లెక్కింపక మౌనము వహించెను. అది చెడిపోయినదని మొదట తలచిరి. నిజమునకు అచ్చట కణములు లేకపోలేదు. గొట్టము లెక్కింపజాలనన్ని కణములు కలవు. భూమి అయస్కాంతమునకు చిక్కిన విద్యుత్కణములు భూమిని వడ్డాణములవలె చుట్టియున్నవని ఆ విధముగ తెలిసెను. అంతరిక్షమునకు పరికరములను పంపదలచినవారికి ఇది ఒక హెచ్చరిక. ఏ కణములు నేలమీది శాస్త్రజ్ఞునకు విజ్ఞానము నొసగునో, ఆ కణములే పైకి పోయిన యంత్రములకు శత్రువులు.

సారాభాయి శిష్యులలో ఒకడు అనంతపురమున చదివిన విద్యార్థి. ఉడుపి రామచంద్రరావు 1932లో ఉడుపి చెంత అదమారు గ్రామమున పుట్టి, బళ్ళారిలోను, పిమ్మట అనంతపురము ప్రభుత్వ కళాశాలలోను చదివి, 1951లో పట్టభద్రుడయ్యెను. కాశీలో పై చదువు ముగించి అహమ్మదాబాదు చేరి, సారాభాయి చెంత విశ్వకిరణ పరిశోధన చేసి, 1960లో డాక్టరు పట్టము పొందెను. తరువాత అమెరికాలో, 1962లో శుక్రగ్రహమువైపు పోయిన మారినర్ నౌక పంపిన కొలతలను పరిశీలించి, సూర్యునినుండి సెకండునకు 300 కిలోమీటర్లకు మించిన వేగముతో కణముల గాలి నిరంతరము వీచుచున్నదని నిరూపించినవారిలో ఆయన ఒకడు. సారాభాయి పిలుపు మేరకు 1966లో స్వదేశమునకు మరలెను. వానలేమి నెరిగిన సీమలో చదివి, ఎన్నడును ఆగని కణముల గాలిని కొలిచిన ఈ శిష్యుడే గురువు తలపెట్టిన పనిని పిమ్మట కొనసాగింపవలసిన వాడయ్యెను.

1962లో ప్రభుత్వము అంతరిక్ష పరిశోధనకు ఒక జాతీయ సంఘమును నియమించి సారాభాయిని అధ్యక్షునిగ చేసెను. తిరువనంతపురము చెంత తుంబా అను జాలరుల పల్లె భూమి అయస్కాంత మధ్యరేఖకు సమీపమున నున్నది. అచ్చటి క్రైస్తవులు తమ ప్రార్థనాలయమును, బిషపు తన నివాసమును ఈ కార్యమునకు ఒసగిరి. దేవాలయము కార్యాలయమయ్యెను; పశువుల పాక కర్మశాల యయ్యెను. రాకెట్టు భాగములను బైసికిలుపై పెట్టి తీసికొనిపోయిరి. 1963 నవంబరు 21వ తేదీన తొలి రాకెట్టు పైకి లేచెను. రాకెట్టు అమెరికావారిది, అందలి సోడియం పరికరము ఫ్రెంచివారిది. దానిని కూర్చి పంపిన చేతులు మాత్రము భారతీయులవి.

ఇంతలో 1965, 1966 సంవత్సరములలో వరుసగ వానలు తప్పి దేశమున కరవు వచ్చెను. అమెరికానుండి ఓడలలో గోధుమలు వచ్చిననే గాని ప్రజలకు తిండి జరుగని దినములవి. పేదదేశమునకు రాకెట్టులేల అని అనేకులు ప్రశ్నించిరి. అది త్రోసివేయదగిన ప్రశ్న కాదు, సారాభాయి త్రోసివేయనులేదు. చంద్రుని చేరుటలో ధనిక దేశములతో పోటీపడుట తన తలంపు కాదనియు, ఈ విద్యను జనుల అక్కరలకు వినియోగించుటలో మాత్రము ఎవరికిని తీసిపోరాదనియు ఆయన చెప్పుచుండెను. మాటతో విడువక కార్యమునకు దిగెను. 1969లో అమెరికాతో చేసికొన్న ఒప్పందము ఫలితముగ, 1975-76లో ఆంధ్రప్రదేశముతో కూడిన ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా టెలివిజన్ పాఠములు అందినవి. 1970లో కేరళమున కొబ్బరిచెట్లకు సోకిన వేరు తెగులును గుర్తించుటకు పిషరోటి అను శాస్త్రజ్ఞుడు హెలికాప్టరునుండి పరారుణ ఫిలిముపై చిత్రములు తీసెను. ఆకుపచ్చగ కనబడు చెట్టునందలి రోగము ఆ చిత్రములలో రంగు భేదముగ తేలెను. పైనుండి చూచు కన్ను నేలపై నిలిచిన కంటికి అందని దానిని చూపగలదని దానివలన తెలిసినది.

1966 జనవరిలో హోమీ భాభా విమాన ప్రమాదమున మరణింపగా, అణుశక్తి సంఘ భారము కూడ సారాభాయిపై పడెను. ఆయన అధ్యక్షత కాలముననే 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసెను. 1969 ఆగస్టు 15వ తేదీన భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ ఏర్పడెను. మిల్లుల పరిశోధనాలయము, వ్యాపార నిర్వహణ విద్యాలయము మున్నగు సంస్థలు ఆయన పూనికవలన అదివరకే పుట్టియుండెను. ఇన్నిటిని ఒక్కడే మోయుట మేలయ్యెనా యన్నది ఆలోచింపదగిన విషయము. సంస్థలు నిలిచినవి, పరిశోధకుడు మాత్రము తన గొట్టములకును, అంకెలకును దూరమయ్యెను. తీరిక దొరికినపుడు విద్యార్థులతో విశ్వకిరణములను గూర్చి చర్చించుటయే ఆయనకు విశ్రాంతి.

ఉపగ్రహములను మోయగల పెద్ద రాకెట్టులకు తూర్పు సముద్రతీరమున తావు కావలసియుండెను. భూమి తూర్పునకు తిరుగుచుండుటచే అటు ప్రయోగించినచో ఆ వేగము కలిసివచ్చును; రాకెట్టు విఫలమైనను సముద్రములో పడును. నెల్లూరు సీమలో పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోట దీవిని ఇందుకు ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9వ తేదీన అచ్చటినుండి చిన్న రోహిణి రాకెట్టు మొదటిసారి ఎగిరెను. పెద్ద రాకెట్టును చూచు భాగ్యము సారాభాయికి లేకపోయెను. ఆ సంవత్సరమే డిసెంబరు 30వ తేదీన, తుంబా పనులను చూడబోయి కోవలములో బసచేసియుండగా, నిద్రలోనే ఆయన మరణించెను. వయస్సు 52 సంవత్సరములు.

గురువు మరణించిన పిమ్మట ఉపగ్రహ నిర్మాణము రామచంద్రరావు చేతికి వచ్చెను. బెంగుళూరు చెంత పీణ్యలోని రేకుల షెడ్లలో 360 కిలోగ్రాముల ఆర్యభట తయారై, 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్టుపై ఎగిరెను. కొలది దినములకే విద్యుత్ లోపముచే దానిలోని పరిశోధన పరికరములను ఆపివేయవలసి వచ్చెను. 1979 జూన్ 7న టెలివిజన్ కెమేరాలతో భాస్కర పోయెను. కెమేరాలు తొలుత పనిచేయలేదు. నిరాశ చెందక కాచుకొనియుండి మరుసటి యేడు తిరిగి ప్రయత్నింపగా చిత్రములు వచ్చినవి. అవి ఒక కిలోమీటరు కంటె చిన్న వస్తువును చూపలేని చిత్రములు. ఆ కంటికి గుత్తి కొండ ఒక మచ్చ మాత్రమే.

ఇంతకంటె వాడియైన కన్ను సిలికాన్ పలుకతో చేసినది. దానికి సి.సి.డి. అని పేరు. వేలకొలది సూక్ష్మమైన గదులు ఆ పలుకపై వరుసగ నుండును. వెలుగు పడినపుడు ప్రతి గదిలోను ఎలక్ట్రానులు చేరును. బావినుండి తోడిన నీటిని కడవలతో ఒకరి చేతినుండి ఒకరు అందుకొను విధముగ, ఆ ఎలక్ట్రానులు ఒక గదినుండి మరియొక గదికి మారుచు చివరకు లెక్కకు వచ్చును. ఆ లెక్కయే చిత్రము. అంతరిక్షమునందలి ప్రోటాను ఈ పలుకను తాకినచో ఒకానొక సిలికాన్ పరమాణువును తన స్థానమునుండి తొలగించును. అచ్చట చిన్న గుంట యేర్పడినట్లగును. వచ్చిన ఎలక్ట్రానులలో కొన్ని ఆ గుంటలో చిక్కి, ఆలస్యముగ వెలువడి, వెనుకవచ్చు కడవలో కలియును. అందుచే చిత్రము చెరిగినట్లగును. కొన్ని గదులు చీకటిలో కూడ వెలుగు ఉన్నట్లు తప్పుగ చెప్పును. దెబ్బతిన్న పలుకను ఆకాశమునకు పోయి మార్చుట దాదాపు అసాధ్యము.

ఇది ఎంత నిజమో 1999లో అమెరికావారికి తెలిసినది. ఆ యేడు జూలైలో వారు చంద్రా అను ఎక్స్-కిరణ దూరదర్శినిని పంపిరి. సారాభాయికి గురువగు రామన్ అన్నకుమారుడు సుబ్రహ్మణ్య చంద్రశేఖర్. ఆయన పేరే దానికి పెట్టిరి. కెమేరాలో పది సి.సి.డి. పలుకలుండెను. ఎక్స్-కిరణములను కేంద్రీకరించుటకు చేసిన అద్దములే, కణవలయములను దాటునపుడు ప్రోటానులను కూడ పలుకలపైకి త్రోసినవి. ఇది కనిపెట్టునప్పటికి కొలది వారములలోనే ఎనిమిది పలుకలు దెబ్బతినెను. అప్పటినుండి వలయములను దాటుచున్నంతసేపు కెమేరాను అద్దముల చూపునుండి ప్రక్కకు జరుపుచు వచ్చిరి. మిగిలిన బలము అట్లు నిలిచినది; పోయినది పూర్తిగ తిరిగిరాలేదు.

భారతదేశము సి.సి.డి. కెమేరాలను ఐ.ఆర్.ఎస్. ఉపగ్రహమున 1988 మార్చి 17న పంపెను. 904 కిలోమీటర్ల ఎత్తున, ధ్రువములమీదుగ అది తిరుగవలెను. అనగా కణముల తాకిడికి ఓర్వవలెను. అది 1996 వరకు, అనగా ఎనిమిది సంవత్సరములకు మించి పనిచేసెను. 36 మీటర్ల మేర గల నేలను అది విడిగ గుర్తింపగలదు. చిత్రములు హైదరాబాదు చెంత షాద్‌నగరములోని కేంద్రమునకు చేరుచుండెను. పైరు పచ్చదనము ఏ జిల్లాలో ఎంత తగ్గెనో, ఎచ్చట కరవు పొడచూపుచున్నదో పంట కాలముననే తెలిసికొను వీలు దానివలన కలిగినది. రాతినేలలోని పగుళ్ళు ఆ చిత్రములలో గీతలుగ కనబడును. అనంతపురమువంటి చోట నీరు దొరకునది ఆ పగుళ్ళయందే గనుక, బోరుబావి ఎచ్చట త్రవ్వవలెనో నిర్ణయించుటకు అవి ఉపయోగపడినవి. పటము చూపిన ప్రతి చోటను నీరు పడినదని కాదు. ఊహను నమ్ముకొని త్రవ్వుటకంటె అది మేలు.

శ్రీహరికోటనుండి 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్ అను ఖగోళ పరిశోధక ఉపగ్రహము ఎగిరెను. అందు సి.సి.డి. పలుకతో కూడిన ఎక్స్-కిరణ దూరదర్శిని కలదు. దక్షిణ అట్లాంటిక్ సముద్రముమీద కణవలయము మిక్కిలి క్రిందికి దిగియుండుటచే ఉపగ్రహములకు అది గండము. అందువలన ఆస్ట్రోశాట్ కక్ష్యను భూమధ్యరేఖకు 6 డిగ్రీల వాలులో మాత్రమే యుంచి, ఆ తావు అంచును తాకి పోవునట్లు ఏర్పరచిరి. భూమి కవచము ఎచ్చట బలమైనదో ఆ ఉష్ణమండలమునే ఎన్నుకొనిరి. ఆ ఉపగ్రహముననే కణములను లెక్కించు చిన్న పరికరము నొకదానిని అమర్చిరి. లెక్క హద్దు మీరినపుడు అది తక్కిన పరికరములకు హెచ్చరిక పంపును. కణముల జల్లు తగ్గువరకు అవి కన్ను మూసికొనియుండును.